అరువు జ్వరం

చంక దగ్గర కుట్టు విప్పుతున్నాను. పక్క గదిలో మా చెల్లెలు అద్దం ముందు నిలబడి మాట్లాడుతోంది. "సభకు నమస్కారం" అంటుంది, ఆగుతుంది, గొంతు సవరించుకుంటుంది, "సభలోని పెద్దలందరికీ నమస్కారం" అంటుంది, అదీ నచ్చదు, మళ్ళీ మొదటికొస్తుంది. ఈ సాయంత్రం మందిరంలో దానికి సన్మానం. పైకొచ్చినవాళ్ళని ఏడాదికొకర్ని పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి అనుభవం చెప్పిస్తారు. దేవుడు తమని ఎక్కణ్ణుంచి ఎక్కడికి తెచ్చాడో వాళ్ళు చెప్తుంటే కింద కూర్చున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఈ ఏడు మా చిన్నీ వంతు. ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి చిన్నీ. ఇప్పుడు దాని కింద షెడ్డు నిండా మనుషులు పనిచేస్తున్నా నాకు మాత్రం చిన్నీయే. బడి పిల్లల యూనిఫారాలు కుడతారక్కడ. వరసగా కరెంటు మెషిన్లు, కాజాలకి వేరే మెషిను, గుండీలకి వేరే మెషిను. అన్ని మెషిన్లుండీ, అంతమంది కుట్టేవాళ్ళుండీ, పొద్దున్నే నాకు ఫోన్ చేసింది. "అక్కా, కొత్త గౌను చంకలో పట్టేసింది. చెయ్యి పైకెత్తలేకపోతున్నా. నీ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ నాకు కుదరదు. ఒక్క గంట వచ్చిపోవూ?" నీ చెయ్యి తప్ప అన్న ఆ ముక్కకి పొంగిపోయి బస్సెక్కాను. సగం దూరం వచ్చాక కోపం వచ్చింది. కారు పంపిస్తానక్కా అంటే వద్దన్నది నేనే. కారు రానందుకు కోపం మాత్రం దాని మీద.

మంచి గుడ్డ. ముదురు నీలం, వేళ్ళ మధ్య నిలవకుండా జారిపోతోంది, పిన్ను గుచ్చితే గుచ్చిన చోటు కనపడుతుందేమోనని భయం. కుట్టినవాడెవడో గాని లోపల గుడ్డ దండిగా వదిలాడు. డబ్బున్నవాళ్ళ బట్టలకే లోపల ఇంత గుడ్డ మిగులుతుంది. ఒళ్ళు చేస్తే విప్పి వదులు చేసుకోవచ్చు, పెరగడానికి చోటు ముందే కొని పెట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు కొలిచి కొలిచి తెస్తారు, లోపల వేలెడు గుడ్డ కూడా ఉండదు, లావైతే ఆ బట్ట ఎవరికో ఇచ్చుకోవాల్సిందే. చిన్నీ లావైంది. భుజాలు నిండుగా, మెడ కింద చర్మం నున్నగా. నా భుజాలు చూస్తే హ్యాంగరుకి చొక్కా తగిలించినట్టుంటాయి. ఒకే కడుపున పుట్టాం, చిన్నప్పుడు ఒకరి బట్టలు ఒకరు వేసుకునేవాళ్ళం, అమ్మ ఒక కొలతకే ఇద్దరికీ కత్తిరించేది. ఇప్పుడు దాని గౌనులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. దాని భుజాల మీద కూడా కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నానంటే ఇంక దేని మీద పోసుకోను? దాని నిద్ర మీద కూడా. బస్సులో తల వాల్చి నిద్రపోయేవాళ్ళుంటారే, అలా ఎక్కడంటే అక్కడ నిద్రపోగలదు. పడుకున్నాక నా బుర్రలో మెషిను మొదలవుతుంది. దాని బుర్రలో మెషిను షెడ్డు తాళంతో పాటే ఆగిపోతుంది కాబోలు.

"ఒక రోజు," అంటోంది చిన్నీ గోడ అవతల, గొంతు తగ్గించి, కథ చెప్పేటప్పుడు తగ్గించినట్టు, "ఒక రోజు దేవుడు నా తలుపు తట్టాడు." ఆ తలుపు నాకు తెలుసు. ఆకుపచ్చ రంగు, కింద చెదలు పట్టి పెచ్చులూడిన తలుపు. దాని పక్కదే నా తలుపు. ఒకే వసారా, రెండు వాటాలు, ఒక వాటాలో నేనూ ఆయనా, ఇంకోదాంట్లో చిన్నీ, మరిది, ఇంకా పాకుతున్న పిల్ల. తట్టింది దేవుడు కాదు. పెద్ద బడిలో పెద్ద టీచరమ్మ, గొడుగు చేత్తో పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చింది. బడి పిల్లలందరికీ తెల్ల చొక్కాలు కుట్టేవాళ్ళు కావాలని ఎవరినో అడిగితే నా పేరు చెప్పారట. నేను ఆసుపత్రిలో ఉన్నాను, ఆయన మంచం పక్కన స్టూలు మీద. ఆయనకి అప్పుడే ఊపిరి అందడం మానేసింది. అచ్చు ప్రెస్సులో చిన్నప్పట్నుంచీ సీసం అక్షరాల మధ్య పనిచేసిన మనిషి. నా తలుపుకి తాళం వేలాడుతోంది. టీచరమ్మ తాళం చూసింది, పక్క తలుపు కొట్టింది. అంతే జరిగింది. ఎవరి తప్పూ లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడే నాతో నవ్వుతూ అంది, "ఆ రోజు నీకోసమే వచ్చానమ్మా, నువ్వు లేవు. సరేలే, అక్కైతే ఏం, చెల్లెలైతే ఏం, ఒకటే ఇల్లు కదా అనుకున్నా." ఒకటే ఇల్లట. ఆ మాట విన్నాక ఇంటికొచ్చి ఆ తాళాన్ని చాలాసేపు చూశాను. ఇత్తడి తాళం, దొంగలు రాకుండా కొన్నది. దొంగ ఎవరూ రాలేదు గాని.

చిన్నీని అడిగితే "అంతా ఆయన దయ" అంటుంది. కొత్త మెషిన్లు వచ్చినప్పుడు ఆయన దయ, షెడ్డు మీద రేకులు మార్చినప్పుడు ఆయన దయ, పిల్ల పరీక్ష పాసైతే ఆయన దయ. నాకు ఆయన అంటే ఒక్కడే. గోడ మీద ఫొటోలో ఉన్నాడు, చొక్కా పై గుండీ పెట్టుకోవడం మర్చిపోయి. ఆయన దయ అంటే నాకు నవ్వొస్తుంది. పాపం మా ఆయన దగ్గర దయ తప్ప ఏమీ లేదు, దాంతో ఏం కొంటాం? ఒకసారి చిన్నీతో అన్నాను కూడా, "ఏమే, మీ ఆయన్నీ మా ఆయన్నీ ఒకే ఆయన చేసేశావు" అని. మా మరిది పడీ పడీ నవ్వాడు. చిన్నీ మాత్రం చెంపలు వేసుకుంది, "తప్పక్కా, దేవుడి మీద హాస్యమా" అని. దేవుడి మీద హాస్యం కాదే తల్లీ, ఆ మాట మీద. ఒకే మాట. నీ నోట్లో ఉంటే పైవాడు, నా నోట్లో ఉంటే పోయినవాడు.

మందిరంలో ప్రసంగం చెప్పే పెద్దాయన మంచివాడే. మా ఆయన పోయినప్పుడు నా ఎదురుగా చాప మీద కూర్చుని, "అమ్మా, డబ్బులో ఏముంది, మట్టి. వచ్చేటప్పుడు తెచ్చామా, పోయేటప్పుడు పట్టుకుపోతామా. తృప్తిని మించిన సంపద లేదు" అన్నాడు. నిజమే అనుకున్నాను. పట్టుకుపోయేది లేదు, నిజమే. కానీ చిన్నీ షెడ్డు తెరిచిన రోజున అదే పెద్దాయన, అదే గొంతుతో, "సంపద దేవుడిచ్చే వరం. నమ్మకమైన చేతుల్లోనే ఆయన పెడతాడు" అన్నాడు. నేను వెనక వరసలో నిలబడి నా చేతులు చూసుకున్నాను. ఇవి నమ్మకమైనవి కావా? కొలత తీసుకుంటే వెంట్రుకవాసి తేడా రాని చేతులు, మిగిలిన గుడ్డముక్క చిటికెడైనా గుడ్డ తెచ్చినవాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేసే చేతులు. నాతో మాట్లాడేటప్పుడు మట్టి, దానితో మాట్లాడేటప్పుడు వరం. ఎవరి కొలతకి వాళ్ళకి కుడతాడు పెద్దాయన, ఆయనా మంచి దర్జీయే. ఇంకా ఒకటి అంటారు అందరూ, కష్టే ఫలి అని. కష్టపడితే ఫలితం అని. చిన్నీ కష్టపడలేదని నేననను, అంటే నా నోరు పడిపోతుంది. పొద్దున లేస్తే పొద్దుపోయేదాకా ఆ షెడ్డులోనే, కూలివాళ్ళకంటే ముందొచ్చి కూలివాళ్ళ తర్వాత వెళ్ళే మనిషి. కష్టపడింది. కానీ కష్టాలు పడలేదు. కష్టపడ్డానికీ కష్టాలు పడ్డానికీ చాలా తేడా ఉంది. మొదటిది చేస్తే జనం భేష్ అంటారు, రెండోది చేస్తే అయ్యో అంటారు. నాకు భేష్ కూడా రావాల్సింది, రెండూ చేశాను కదా, కానీ అయ్యో వచ్చిన చోటికి భేష్ రాదు.

అదైనా చెడ్డదైతే బాగుండేది. గర్విష్టిదై, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడేదై ఉంటే హాయిగా తిట్టుకుని పడుకునేదాన్ని. అది అలా కాదు. వచ్చినప్పుడల్లా కాళ్ళకి చెప్పులు కూడా విప్పనివ్వదు, "రా అక్కా, రా" అని లాక్కెళ్తుంది. నా కళ్ళజోడు అదే చేయించింది. ఇప్పుడు దాని గౌను కుట్టు నాకు కనపడుతోందంటే దాని కళ్ళజోడుతోనే. ఓర్వలేనితనానికి కూడా అరువు కళ్ళు కావాల్సి వచ్చింది నాకు. కుట్టు మొత్తం విప్పేశాను. దారం ముక్కలు ఒళ్ళో పడ్డాయి. ఇంతసేపు వంగితే నడుం పట్టేసింది. మూలనున్న మెషిను ముందుకి జరిగాను. కిటికీ బయట ఎవరో నీళ్ళ గొట్టంతో కారు కడుగుతున్నారు, నీళ్ళు గోడ మీద పడి చప్పుడు చేస్తున్నాయి, ఆ చప్పుడులో చిన్నీ మాట ఒకటి పోయింది, ఒకటి వినపడింది, "జ్వరం" అన్నట్టు వినపడింది. దానికి ఎప్పుడు జ్వరం వచ్చింది? మెషిను పెడల్ మీద నుంచి కాలు తీశాను.

"ఒళ్ళంతా జ్వరం" అంటోంది చిన్నీ. "పెనం మీద చెయ్యి పెట్టినట్టు కాలిపోతున్న ఒళ్ళు. ఎదురుగా గుట్టలా తెల్ల చొక్కాలు. పొద్దున్నకల్లా ఇవ్వాలి. కళ్ళు మూసుకుపోతున్నాయి. అప్పుడు మెషిను సూది నా వేలి గోట్లోంచి దిగి ఇవతలికొచ్చింది. తెల్ల కాలరు మీద రక్తం పడింది. ఏడుస్తూ ఆ మరకని నా కన్నీళ్ళతో తుడుచుకుని, ఆ చొక్కాలన్నీ కుట్టాను. ఆ రోజు దేవుడు నన్ను చూశాడు."

నా ఎడమ చేతి చూపుడు వేలు నా ప్రమేయం లేకుండా ముడుచుకుంది. గోరు మధ్యలో ఇప్పటికీ గీత ఉంది, ఎన్నిసార్లు పెరిగినా ఆ చీలికతోనే పెరుగుతుంది. చిన్నీ వేళ్ళకి గోళ్ళు చక్కగా ఉంటాయి, గులాబీ రంగు వేయించుకుంటుంది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, రేకుల కింద గది పొయ్యిలా ఉంది. నాకు జ్వరం. ఆయన ఆసుపత్రిలో. చిన్నీకి వచ్చిన ఆర్డరులో సగం చొక్కాలు నాకిచ్చింది, "అక్కా, నువ్వే కాపాడాలి, ఒక్కదాన్నే చెయ్యలేను" అని, మంచి మనసుతోనే ఇచ్చింది, నాకూ అవసరమే. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాలి, వెళ్ళేలోపు కాలర్లన్నీ అయిపోవాలి. తల వాలింది, సూది దిగింది. నొప్పి కంటే ముందు నాకు తెల్ల గుడ్డ మీద ఎర్ర చుక్క కనపడింది. నేను ఏడవలేదు. ఏడ్చే తీరిక ఎక్కడిది? తెల్ల దారం ముక్క నోట్లో వేసుకుని నమిలి, ఉమ్ముతో తడిసిన ఆ ఉండతో మరకని రుద్దాను. కుట్టుపని చేసేవాళ్ళందరికీ తెలుసు, ఎవరి రక్తం మరక వాళ్ళ ఉమ్ముకే పోతుంది. చిన్నీకి అది నేర్పింది నేనే. అదిప్పుడు నా ఉమ్ముని కన్నీళ్ళు చేసింది. కన్నీళ్ళకి మరక పోదే! వెచ్చటి నీళ్ళు తగిలితే రక్తం పాకి అంచుకట్టి మొండిదవుతుంది, కాలరు పారేసుకోవాల్సి వచ్చేది. నా జ్వరం తీసుకున్నావు, నా వేలు తీసుకున్నావు, తీసుకున్నదాన్నైనా తిన్నగా తొడుక్కోవూ. నాకు మొదట వచ్చిన కోపం అదీ. దొంగతనం మీద కాదు, వాడకం తెలియనందుకు. తర్వాత మిగతా కోపం వచ్చింది. షెడ్డు నీది, కారు నీది, నున్నటి మెడ నీది, నిద్ర నీది, వేదిక నీది. నాకు మిగిలింది ఆ జ్వరం ఒక్కటే కదే. దాన్నైనా నాకు వదిలెయ్యకూడదా?

తలుపు తోసుకుని చిన్నీ కూతురు వచ్చింది, చేతిలో నీళ్ళ గ్లాసు. ఆ వసారాలో పాకిన పిల్లే, ఇప్పుడు నాకంటే పొడుగు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మా, విన్నావా అమ్మ స్పీచు? నాకైతే ఏడుపాగలేదు. ఇన్ని కష్టాలు పడిందని మాకు ఒక్కసారైనా చెప్పలేదు చూడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటే ఏముందిలే అనుకున్నాం." ముక్కు ఎగపీల్చి నా పక్కన కింద కూర్చుంది. "నువ్వు పక్కింట్లోనే ఉండేదానివిగా. నీకు తెలుసా పెద్దమ్మా ఆ రోజు?"

"తెలుసు" అన్నాను.

"నువ్వు చూశావా?"

"దగ్గర్నుంచే చూశాను."

పిల్ల నా మోకాలి మీద తల పెట్టుకుంది. ఈ తల నేను ఎన్నిసార్లు దువ్వానో. నాకు పిల్లల్లేరు, ఈ పిల్లే ఉందనుకున్నాను. ఇప్పుడిది తల్లిని తలచుకుని నా మోకాలి మీద ఏడుస్తోంది, నా వేలి నొప్పికి ఏడుస్తోంది, ఆ కన్నీళ్ళు నావి, కానీ అడ్రసు వేరే రాసి ఉంది. చెప్పేద్దామా అనిపించింది. గోరు చూపిస్తే చాలు. నోటిదాకా వచ్చింది. చెప్తే ఏమంటుంది? అయ్యో పెద్దమ్మా అంటుంది. మళ్ళీ అయ్యో. చిన్నీ చెప్తే ఒళ్ళు జలదరించి చప్పట్లు కొడతారు, నేను చెప్తే అయ్యో అని నీళ్ళ గ్లాసు ఇస్తారు. అదే జ్వరం, అదే సూది. చివర్లో షెడ్డు ఉంటే అనుభవం, షెడ్డు లేకపోతే ఏడుపు. అనుభవించింది నేను, అనుభవం చెప్పేది అది. పేదదాని కష్టం ఊరంతా ఉంది, ఎవరు వింటారు? డబ్బున్నదాని కష్టానికి గిరాకీ. జనానికి డబ్బున్నవాళ్ళని చూస్తే లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది, ఈమె కూడా ఏడ్చే పైకొచ్చింది అని తెలిస్తే ఆ ముల్లు మెత్తబడుతుంది. కన్నీళ్ళతో కడిగితే గాని డబ్బు మైల పోదు. చిన్నీ దగ్గర డబ్బుంది, కడగడానికి నీళ్ళు లేవు. నా దగ్గర నీళ్ళే ఉన్నాయి. పక్కింటికి చెంబు పట్టుకుని రాకుండా, నేను లేనప్పుడు ముంచుకుపోయింది.

"పెద్దమ్మా, కారొచ్చే టైమవుతోంది" అని పిల్ల లేచి వెళ్ళింది. నేను మెషిను మీద గౌను సర్దాను. చంక గుండ్రం తిప్పి కుట్టాలి, ఇక్కడే చెయ్యి పైకెత్తినప్పుడు బరువంతా పడుతుంది. వేదిక మీద అనుభవం చెప్పడం అయిపోయాక రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దణ్ణం పెట్టడం రివాజు. ఇక్కడ దారం వదులు చేసి పెద్ద పెద్ద కుట్టు వేస్తే, పైకెత్తినప్పుడు టప్ మని... వేదిక మీద, దీపాల కింద, అందరూ కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు, చంక కింద లోపలి తెల్ల గుడ్డ... నవ్వొచ్చింది నాకు, ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. ఎంత హాయిగా ఉందో ఆ తలపు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కాసేపు చప్పరించాను. తర్వాత ఎవరు కుట్టారమ్మా ఇది అని అడుగుతారు కదా అని తట్టింది. వాళ్ళక్కేనట. చేతకాని కుట్టు. ఆ మాట నేను పడలేను. నా వేలు చీలిన రోజు కూడా కాలరు వంకర పోలేదు. దారం బిగించాను, కుట్టు చిన్నది చేశాను, గుండ్రమంతా తిప్పి, అదే గీత మీద ఇంకోసారి వేశాను. దేవుడే వచ్చి లాగినా ఊడదు. మంచితనం కాదు, పొగరు. నాకున్న ఆస్తి పొగరే, అదీ ఎవరికీ కనపడదు.

"అయిందా అక్కా?" చిన్నీ లోపలికొచ్చింది. గౌను తొడిగాను. వెనక జిప్పు పైకి లాగాను. నడుం దగ్గర కొంచెం వదులుగా ఉంది, అక్కడ పిన్నులు పెట్టి పట్టాలి. గుండుసూదులు పెదాల మధ్య బిగించి దాని వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. అది అద్దంలో చెయ్యి పైకెత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. "అబ్బ, ప్రాణం లేచొచ్చిందక్కా. చూడు, ఎక్కడా పట్టట్లేదు." తర్వాత, నా వైపు చూడకుండా, అద్దంలోకి చూస్తూ, "నేను చెప్పేది వినపడిందా గోడ అవతలికి?" అంది.

నోట్లో పిన్నులున్నాయి. తల ఊపాను. ఒక పిన్ను తీసి నడుం దగ్గర గుచ్చాను.

"మొత్తం వినపడిందా?"

ఊపాను. ఇంకో పిన్ను.

"నీకు కోపం వచ్చిందని తెలుసక్కా" అంది. గొంతు చిన్నప్పటి గొంతు, గిన్నె పగలగొట్టి తలుపు వెనక నిలబడ్డప్పటి గొంతు. "నువ్వు రాకముందు ఆ ముక్క తీసేద్దామనే అనుకున్నా. తీసేసి చెప్పి చూశా. తలుపు కొట్టారు, ఆర్డరు ఇచ్చారు, మెషిన్లు కొన్నాం, షెడ్డు వేశాం. అయిపోయింది. అంతే ఉందక్కా నాది. నాకు అన్నీ కలిసొచ్చాయి. కలిసొచ్చింది అని చెప్పుకుంటే ఎవరు వింటారు చెప్పు? అద్దంలో నా మొహం నాకే వెలవెలబోయింది. అందరికీ ఏదో ఒకటి ఉంటుంది చెప్పుకోడానికి. నీకుంది. నిన్ను చూస్తే నాకు ఎప్పుడూ..." ఆగిపోయింది. నేను అద్దంలోకి చూశాను. దాని కళ్ళలో ఉన్నది నాకు కొత్త కాదు, నా అద్దంలో రోజూ చూసేదే, దాని మొహం మీద మాత్రం ఎప్పుడూ చూడలేదు. నా గోటి మీద కన్నేసింది మా చెల్లెలు. ఇన్ని ఉన్నది.

ఇంకో పిన్ను. నోట్లో ఒక్కటే మిగిలింది. దాన్ని గుచ్చితే నేను మాట్లాడాలి. నెమ్మదిగా గుడ్డ మడత సర్ది, రెండుసార్లు చూసుకుని గుచ్చాను.

"మా అక్క అని చెప్పవే" అన్నాను. "నేను అనే చోట మా అక్క అను. ఇంకేం మార్చక్కర్లేదు."

"అలా కూడా అనుకున్నా."

"మరి?"

"అలా చెప్తే అడుగుతారక్కా." నా వైపు తిరిగింది, పిన్నులు గుచ్చుకుంటాయని నేను పట్టుకున్నాను. "జ్వరంలో కుట్టింది మీ అక్క, వేలు చీల్చుకుంది మీ అక్క, మరి దేవుడు ఆవిడకెందుకివ్వలేదు, నీకెందుకిచ్చాడు అని అడుగుతారు. పైకి అడక్కపోయినా మనసులో అనుకుంటారు. నేనేం చెప్పను? సన్మానానికి పిలిచినవాళ్ళ ముందు నిలబడి, మందిరంలో, దేవుడి మీద మాట తెస్తానా?"

అదీ సంగతి. దేవుడి పరువు కాపాడటానికి నా జ్వరం తీసుకుంది. కష్టం ఒక మనిషిదీ ఫలితం ఇంకో మనిషిదీ అయితే పైవాడి లెక్క తప్పుతుంది, అందుకని రెండూ ఒకే మనిషికి కుట్టేసింది, అతుకు కనపడకుండా. నాకు నవ్వొచ్చింది, నవ్వు లోపల ఇంకేదో వచ్చింది. ఆయన పోయిన రోజున వచ్చినవాళ్ళంతా గుమ్మం దాటేటప్పుడు అన్న మాట, ఏ పాపం చేసుకుందో అని. బస్సు స్టాపులో పరిచయస్తురాలు అన్న మాట, మీ చెల్లెలు అంత పైకొచ్చింది, నువ్వెందుకమ్మా ఇలాగే ఉండిపోయావు, కాస్త ఒళ్ళు వంచాల్సింది అని. పెద్దాయన అననే అనలేదు గాని, నమ్మకమైన చేతులు అన్నప్పుడు అందరూ ఒక్కసారి నా వైపు చూసి తల తిప్పుకున్నారు. దేవుడికి లెక్క తప్పకూడదు కాబట్టి తప్పంతా నా దగ్గరే ఉండాలి. ఉంది, మోశాను. నాలో ఏదో లోపం ఉండే ఉంటుందని నేను కూడా నమ్మాను.

"రానీ" అన్నాను.

"ఏంటక్కా?"

"మాట రానీ. ఇన్నేళ్ళూ నా మీదే వచ్చింది కదే. ఒక్క పూట దేవుడి మీద రానీ. ఆయనకేం, పెద్దవాడు, తట్టుకుంటాడు."

చిన్నీ చెంపలు వేసుకోబోయింది. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది.

"ఇంకోటి" అన్నాను. "కన్నీళ్ళు కాదు. ఉమ్ము."

"ఛీ! సభలో ఉమ్ము అంటారా ఎవరైనా?"

"అనరు. అందుకే నువ్వను. కన్నీళ్ళంటే అక్కడ కుట్టుపని తెలిసినవాళ్ళు ఒక్కరున్నా నవ్విపోతారు. చొక్కాల షెడ్డుదానివి, నీ పరువే పోతుంది."

దానికి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. పిన్నులు గుచ్చుకుంటున్నా ఇద్దరం నవ్వాం. ఇంకా నాకు దాని మీద అసూయగానే ఉంది, నవ్వితే అదెక్కడికి పోతుంది. బయట కారు హారను కొట్టింది. ఎవరో "వస్తున్నాం" అని అరిచారు. చిన్నీ అద్దం వైపు తిరిగి భుజాలు సర్దుకుంది. "సభలోని పెద్దలందరికీ నమస్కారం" అంది. దేవుడు తలుపు తట్టాడు అంది. ఆ మాట దగ్గర ఆగి, "టీచరమ్మ వచ్చింది" అని సర్దుకుంది. నేను నడుం మడత మీద టాకాలు వేస్తూ విన్నాను, తల ఎత్తలేదు. "ఒళ్ళు కాలిపోతోంది, మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు, ఎదురుగా తెల్ల చొక్కాలు" అంది. నేను అనలేదు, మా అక్కా అనలేదు. మన భాషలో అదొక మాయ, ఎవరి కథో చెప్పకుండా చాలా దూరం పోవచ్చు, చివర్న క్రియ దగ్గర గాని బయటపడదు. "వేలి గోట్లోంచి సూది దిగింది. దారం నమిలి, తన ఉమ్ముతోనే ఆ మరక తుడుచుకుని, సాయంత్రం లోపల ఆ కాలర్లన్నీ కు..." అని ఆగింది. నా చేతిలో సూది గుడ్డలో సగం దిగి ఉంది. కుట్టాను అంటుందా, కుట్టింది అంటుందా. అద్దంలో దాని నోరు తెరుచుకునే ఉంది.

"కుట్టింది" అంది. "మా అక్క."

నేను టాకా పూర్తి చేసి దారం కొరికాను. ఆ రెండు మాటల ముందు చిన్న ఊపిరి తీసుకుంది, అక్కడ సభ మొత్తం నిశ్శబ్దమైపోతుంది, నాకు తెలుసు. నా జన్మలో నేను నా కథ అలా చెప్పుకోలేను. ఎంత బాగా చెప్పింది, పాపిష్టిది.